న్యాలెన్ చేతి సున్నం

లాయె,
1991 ఫిబ్రవరి 10

న్యాలెన్ అత్తకు,

నీ మేనకోడలు సిపోరా రాసేది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వాన పట్టుకుందంటే వదలడం లేదు. బడి మెట్ల దాకా నీళ్ళొచ్చాయి. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని తరగతికి వస్తున్నారు.

ఈ నెల పదో తరగతికి లోహ ఆక్సైడ్ల పాఠం చెబుతున్నాను. పుస్తకంలో ఉన్నది చదివితే నిద్రపోతారని పొడిసున్నం గడ్డ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి నాలుగు చుక్కలు నీళ్ళు పోశాను. బుస్సుమని ఆవిరి లేచి గడ్డ పగిలి, ఉబ్బి, పిండిగా రాలింది. ముందు బెంచీ పిల్ల ఎగిరి వెనక్కి దూకి, "టీచర్, దీనికి ప్రాణముందా?" అంది. నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ బట్టీ దగ్గర నన్ను కూర్చోబెట్టుకుని "నీళ్ళు చల్లేదాకా ఇది బతికున్న రాయి, ముట్టుకోకు" అనేదానివి. నేను ముట్టుకునేదాన్ని. నువ్వు వీపు మీద ఒకటి వేసేదానివి.

ఇక అసలు సంగతి. అత్తా, నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. అబ్బాయి పేరు జూలియస్. ఇక్కడి ఓడరేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్. తాగడు. కోపం తక్కువ. మన మానుస్ దీవుల వాడే, అందులోనూ మన దీవివాడే. కూర్చుని చదువు. అతను మొలియాన్ కొడుకు.

నీకూ మొలియాన్‌కీ పడదని తెలుసు. ఎందుకో నాకెవరూ సరిగా చెప్పలేదు. నాన్న పోయాడని కాదు, ఆయన బతికున్నా మన పద్ధతిలో అడగాల్సింది నిన్నే కదా. మేనత్త నోరు తెరిచి దీవిస్తే కడుపు పండుతుందని, మేనత్త శపిస్తే మూసుకుపోతుందని అమ్మ చెబుతూ ఉండేది. పిల్లలకు అణువుల గురించి పాఠాలు చెప్పేదాన్నే అయినా ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నన్ను దీవించు అత్తా.

నీ
సిపోరా

*

మన దీవి,
మార్చి 2

సిపోరాకు,

ఉత్తరం చేరింది. చదివి పొయ్యిలో పడేశాను. మళ్ళీ బయటికి లాగి చదివాను. అంచు కాలింది గానీ ఆ పేరు మాత్రం కాలలేదు.

అంత పెద్ద లాయెలో నీకు మొలియాన్ కొడుకే దొరికాడా? కళ్ళు మొహాన పెట్టుకుని చూశావా, చేతుల్లో పెట్టుకుని చూశావా?

నీకెవరూ చెప్పలేదన్నావు. నేను చెబుతాను విను. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు. నా సున్నాన్ని లోరెంగావ్ పట్నం సంతకు మొలియానే తన పడవలో మోసేవాడు. నా సున్నం ఎలాంటిదో నీకు తెలుసు. పగడపు రాయి తెల్లారేదాకా కాల్చి, ఆకులు కప్పి, నీళ్ళు చల్లి, పిండి చేసి, జల్లించి ఇచ్చేదాన్ని. వక్కతో నమిలితే నోరు పండేదే తప్ప పొక్కేది కాదు. ఒక వానాకాలం వాడు బస్తాలు పడవ అడుగున తడిలో పడేసి మరిచాడు. సున్నం చప్పబడి సుద్ద అయింది. ఆ సుద్ద ఎవడు కొంటాడు? ఘాటు రావాలని, కాల్చాక ఇంకా నీళ్ళు చల్లకుండా ఉన్న రాయి ఎక్కణ్ణుంచో తెచ్చి, దంచి, అందులో కలిపేశాడు. సంతలో జనం నోళ్ళు కాలాయి. నాలుకలు తోలు ఊడాయి. వాళ్ళు వచ్చి వాడి చొక్కా పట్టుకుంటే ఏమన్నాడో తెలుసా? "నాకేం తెలుసయ్యా, నేను మోసేవాణ్ణి. న్యాలెన్ చేతి సున్నం అది. అందులో ఏం మందు కలిపిందో, ఏం మంత్రం వేసిందో ఆమెనే అడగండి" అన్నాడు.

ఇంకో చోట అయితే అది ఉత్త అబద్ధం. మన దగ్గర, మంత్రం వేసిందన్న మాట గొడ్డలి. ఆ రోజు నుంచి నా చేతి సున్నం ఎవరూ ముట్టలేదు. మీ మామయ్య పోయినప్పుడు శవం పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళకు వక్కా సున్నమూ చాపాను. మగడు చచ్చినదాని చేతి వక్క కాదనడం మన జాతిలో లేదు. అందరూ ఎవరి సున్నం వాళ్ళు సొరబుర్రల్లో నింపుకుని నడుముకు దోపుకుని వచ్చారే! అలూప్ నా చెయ్యి చూసి వెనక్కి జరిగింది. అలూప్, నాతో కలిసి ఈత నేర్చుకున్నది. నా చెయ్యి అలా చాచే ఉండిపోయింది.

ఇన్నేళ్ళుగా మొలియాన్‌ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఏం లాభం? నా నోరు వాడి మీద పనిచేయదు. మేనత్త శాపం అన్న పిల్లలకే తగులుతుంది. వాడు నాకేమవుతాడు గనక? ఇప్పుడు నువ్వు, నా అన్న కూతురివి, వాడి వంశం నీ కడుపులో మొయ్యడానికి పోతానంటున్నావు. వాడింటి తలుపు మూసే తాళంచెవి నువ్వే తెచ్చి నా చేతిలో పెట్టావు. ఆలోచించుకో.

చేపలు బాగా పడుతున్నాయి. ఎండబెట్టాను. నీకు పంపను.

న్యాలెన్

*

లాయె,
మార్చి 24

అత్తకు,

నీ ఉత్తరం చదివి బడి వెనక కూర్చుని ఏడ్చాను. మామయ్య శవం దగ్గర నీ చెయ్యి చాచే ఉండిపోయిందన్న చోట ఎక్కువ ఏడ్చాను. తాళంచెవి అన్న చోట భయంతో ఏడుపు కూడా ఆగిపోయింది.

జూలియస్‌ని నిలదీశాను. దాచలేదు. తల వంచుకుని చెప్పాడు: "నాన్న ఆ మాట అన్నాడు. అబద్ధమని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోవడానికి ఆయనకు నోరు రాలేదు." నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బొప్పాయి పట్టుకుని వచ్చి గేటు దగ్గర వానలో నిలబడ్డాడు. ఏం చేయమంటావు?

నిన్న పిల్లలు అడిగారు, సున్నం నిప్పులో తెల్లగా వెలుగుతుంది గానీ ఎందుకు కరగదని. చెప్పాను: కాల్షియం తన దగ్గరున్న రెండు ఎలక్ట్రాన్లూ ఆక్సిజన్‌కి ఇచ్చేసింది. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య పట్టు పడింది. ఆ పట్టు విడిపించాలంటే మన కట్టెల మంట చాలదు. పాఠం చెబుతున్నంతసేపూ నీ గురించే ఆలోచించాను. నీ పట్టు కూడా అలాంటిదే.

అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను. మొలియాన్‌ని నువ్వేం చేసుకున్నా నేను అడ్డురాను. తిట్టు, కొట్టు, పడవకు కన్నం పెట్టు. నా కడుపు మీద మాత్రం వద్దు. నాన్న ఉంటే ఆయనే వచ్చి అడిగేవాడు.

సిపోరా

*

మన దీవి,
ఏప్రిల్ 15

కోడలుపిల్లకు,

వాణ్ణి ఏం చేసుకున్నా అడ్డురానన్నావు. ఆ మాట నాకు నచ్చింది. ఉత్తరం జాగ్రత్తగా పెట్టెలో పెట్టాను.

నీ కడుపు జోలికి నేను రాను. మీ నాన్న సమాధి మీద ఒట్టు. కోపంలో అన్నాను. వాడు నా అన్న. వాడి రక్తం మీద నోరు పెట్టి నేనెక్కడికి పోతాను? నువ్వు మొలియాన్ కొడుకునే చేసుకో. మాట కలుపుకోవడానికి వాళ్ళను మా ఇంటికి రమ్మను. మొలియాన్ స్వయంగా రావాలి, తమ్ముణ్ణో బావమరిదినో పంపడం కాదు. దీవిలో అందరినీ పిలుస్తాను. పద్ధతి ప్రకారం మేనత్త చేతి వక్కా సున్నమూ పెళ్ళికొడుకు తండ్రి తింటే మాట ఖాయమైనట్టు. తింటాడా అని అడుగు.

నాకో సంగతి చెప్పు, చదువుకున్నదానివి. కాల్చిన పగడం దించిన తర్వాత నీళ్ళు చల్లకుండా ఉంచినా ఈ సముద్రపు గాలికి దానంతటదే నీరుగారిపోతోంది. నాలుగు రోజులకు పిండి, ఇంకొన్నాళ్ళకు సుద్ద. బతికున్న రాయిని బతికున్నట్టే కొన్ని వారాలు దాచాలంటే మార్గముందా? ఆగ్నేయపు గాలి మొదలైతే బట్టీ వెయ్యలేను. ముందే కాల్చి పెట్టుకుందామని.

ఇంకొకటి. కడుపు మంటకు నర్సు తెల్లపొడి ఇస్తుంది. మెగ్నీషియం అంటుంది. అదీ సున్నం లాంటిదేనటగా? నీళ్ళు తగిలితే అదీ అలాగే మండుతుందా?

ఎండు చేపలు పంపాను. నీకు కోపం వచ్చి పారెయ్యకు.

మీ అత్త
న్యాలెన్

*

లాయె,
మే 6

నా బంగారు అత్తకు,

చేపలు అందాయి. నేనుండే హాస్టల్ వార్డెన్ వాసనకి ముక్కు మూసుకుంది, తర్వాత రెండు అడిగి తీసుకుంది. నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో! ఒట్టు వేశావు. నాకింకేం కావాలి? జూలియస్‌కి చెబితే నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

మొలియాన్ మామగారు తప్పకుండా వస్తారట. జూన్ నెలాఖరు. "తింటాడా" అని అడగమన్నావు కదా, అడిగాం. ఎవరి చేతి సున్నం అని రెండుసార్లు అడిగారట. తర్వాత "తింటాను" అన్నారట. ఆయన భయపడుతున్నారేమోనని జూలియస్ అనుమానం. నేనే సర్దిచెప్పాను: ఇచ్చేవాళ్ళు ముందు తాము తిని చూపించాకే ఇస్తారు కదా మన దగ్గర, ఇక భయమేముంది అని.

నీ ప్రశ్నకు జవాబు చెబుతుంటే నాకు గర్వంగా ఉంది. మళ్ళీ వ్యాపారం మొదలుపెడుతున్నావన్న మాట! కాల్చినప్పుడు పగడంలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి ఆక్సైడ్ మిగులుతుంది. దానికి రెండు ఆకళ్ళు. నీళ్ళు దొరికితే నీళ్ళు తాగి వేడి కక్కి మెత్తని పిండి అవుతుంది. గాలిలో మనం వదిలే ఊపిరి ఉంది కదా, అదే బొగ్గుపులుసు వాయువు, అది దొరికితే దాన్ని మింగి మళ్ళీ మొదటి రాయి అయిపోతుంది. రెండూ అందకుండా చేస్తే ఎన్నాళ్ళయినా బతికే ఉంటుంది. మా ప్రయోగశాలలో మూత బిర్రుగా పట్టే గాజు సీసా ఒకటి పాతది ఉంటే అడిగి తీసుకున్నాను. పడవలో పంపుతున్నాను. గడ్డలు వేడి ఆరగానే వేసి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోయి. ఇక చీమ కూడా దూరదు.

మెగ్నీషియం ఆక్సైడ్ ఉత్త సోమరిపోతు. నీళ్ళలో వేసినా కదలదు మెదలదు. అందుకే కడుపులోకి ఇస్తారు, పుల్లదనాన్ని నెమ్మదిగా విరుస్తుంది. సోడియం ఆక్సైడ్ పిచ్చిది, నీళ్ళు చూస్తే మీద పడుతుంది, అది మన చేతుల్లో ఉండకపోవడమే మంచిది. ఇనుము తుప్పూ ఆక్సైడే, నీళ్ళు పోసినా అదేమీ చెయ్యదు. మన సున్నం వీటి నడుమది. కోపం ఉంది, కానీ అదుపులో పెట్టొచ్చు.

నీకు చెప్పేంతదాన్ని కాదు గానీ, సీసాలోది పొరపాటున కూడా తినే సున్నంలో కలవనివ్వకు. రెండూ తెల్లగానే ఉంటాయి. నోట్లో పడితే ఉమ్మినంతా పీల్చుకుని కాల్చేస్తుంది.

లాయె మార్కెట్లో ముగ్గురు ఆడవాళ్ళతో మాట్లాడాను. నీ సున్నం పంపితే అమ్మిపెడతారట.

నీ
సిపోరా

*

మన దీవి,
జూన్ 9

సిపోరాకు,

సీసా అందింది. మూత బాగా బిగిసింది. మైనం పోశాను.

నేను వ్యాపారం మొదలుపెడుతున్నానని నీకెవరు చెప్పారు? ఆ మార్కెట్ ఆడవాళ్ళకు లేదని చెప్పు. నేను ఒక్కడికే చేస్తున్నాను.

కొత్త చాపలు అల్లాను. కొండవాళ్ళు జావకు సాగో చెట్టు పిండి తెచ్చిచ్చారు. పంది మా మరిది ఇస్తానన్నాడు. దీవిలో ప్రతి గడపకూ వెళ్ళి పిలిచాను. న్యాలెన్ పిలిచింది, న్యాలెన్ మొలియాన్‌కి సున్నం ఇస్తుందట అని గుసగుసలు. రానీ, చూడనీ. ఆ రోజు వాడన్నది అందరూ విన్నారు, ఇదీ అందరూ చూడాలి.

ముందు నేనే తింటాను. ఆ మాట మొలియాన్‌కి మళ్ళీ చెప్పించు. వాడి నోరు నేను తెరిపిస్తాను, నువ్వు దిగులుపడకు.

పిల్లలకు పాఠాలు బాగా చెప్పు. నువ్వు చెబితే నాకే అర్థమైంది.

న్యాలెన్

*

లాయె,
జూలై 7

న్యాలెన్‌కు,

అత్తా అని రాయబుద్ధి కావడం లేదు.

నిన్న జూలియస్ నవ్వుకుంటూ వచ్చాడు. వాళ్ళ అన్న లోరెంగావ్ నుంచి ఫోన్ చేశాడట. "మా నాన్న నోరు కాలిందట సిపోరా! మీ అత్త ఇంట్లో సాగో జావ వేడివేడిగా తాగేశాడట. మీ అత్తదీ కాలిందట. ఇద్దరు ముసలాళ్ళకూ అంత ఆత్రమేంటో!" నేను నవ్వలేదు. ఎలా కాలిందని అడిగాను. పెదాలు తెల్లగా పాలిపోయి తోలు ఊడిందట. నాలుక సబ్బు రాసినట్టు జారుతోందట. ఇద్దరికీ ఒకేలాగ. జావకు కాలితే ఎర్రగా పొక్కుతుంది. తెల్లగా జారేది క్షారానికి. ఆ మాత్రం నా పదో తరగతి పిల్లలూ చెబుతారు.

ఇంకా చెప్పాడు. అందరూ సున్నం కోసం చేతులు చాపితే నువ్వు బుర్రతో సహా నీళ్ళలోకి విసిరేశావట. "ఇంకా అలక తీరలేదు ముసలిదానికి" అని జనం అనుకున్నారట. అక్కడికి ఫోన్ తెగిందట.

నా సీసాలోదే కదూ అది? ఆ సీసా నేనే వెతికి పంపాను. మైనం నేనే పోయమన్నాను. నోట్లో పడితే ఏమవుతుందో కూడా నేనే వివరంగా రాసి ఇచ్చాను! నువ్వు నా కడుపు జోలికి రానని ఒట్టు వేస్తే పొంగిపోయాను. నీ కన్ను మొదటినుంచీ ఆ మనిషి నోటి మీదే ఉంది. గొంతులోకి దిగి ఉంటే ఏమయ్యేది? నన్ను చేసుకునేవాడి తండ్రిని నా చేత్తో చంపించేదానివి.

నీ రక్తమే నాలోనూ ఉంది. పగ పట్టడం నాకూ వచ్చు. జూలియస్‌కి ఇంకా చెప్పలేదు. చెబుతాను. లోరెంగావ్ పోలీసులకూ రాస్తాను. మందు పెడుతుందని నీ మీద అప్పుడు వేసిన నింద అబద్ధం. ఇప్పుడు నువ్వే దాన్ని నిజం చేశావు. నీ దీవెన నాకు అక్కర్లేదు. శపిస్తావా, శపించుకో.

సిపోరా

*

మన దీవి,
జూలై 28

సిపోరాకు,

తిట్టావు. బాగా తిట్టావు. మీ నాన్న తిట్టినట్టే ఉంది. పోలీసులకు రాయాలనుకుంటే రాయి. ముందు జరిగింది విను, జావ కథ కాదు.

కొత్త చాపల మీద అందరూ కూర్చున్నారు. ఇల్లు నిలబెట్టిన గుంజల కింద సముద్రం నిండుగా ఉంది, పోటు సమయం. మొలియాన్ నా ఎదురుగా కూర్చున్నాడు. ముసలివాడైపోయాడే! ఆ పెద్ద మెడ ఎక్కడికి పోయిందో. జాలి వేస్తుందేమోనని చూపు వాడి చేతుల మీదకు తిప్పుకున్నాను. అవే చేతులు, నా బస్తాలు మోసినవి. కోపం వచ్చింది. స్థిమితపడ్డాను.

బట్టీ ఆ వారం వేస్తే పొగ దీవంతా చూస్తుందని నెల ముందే కాల్చి నీ సీసాలో పెట్టాను. ఆ పొద్దున తీసి పొడి చేసి సున్నపుబుర్రలో నింపాను. చిటికెడు నీళ్ళలో వేసి చూశాను. బుస్సుమంది. నీ పాఠం తప్పలేదు.

వక్క కొరికాను. పుల్ల బుర్రలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నీకు తెలుసుగా ఏమవుతుందో. నోట్లో బట్టీ వేసినట్టయింది. కళ్ళనీళ్ళు రానివ్వలేదు. నమిలాను. నవ్వాను. బుర్ర వాడి ముందు పెట్టాను. నా లెక్క ఇది: తిన్నాడా, వాడు జనం నోళ్ళు కాల్చిన దానితోనే వాడి నోరు కాలుతుంది. తిననన్నాడా, పద్ధతి కాదన్నవాడవుతాడు, పెళ్ళి వాడే చెడగొట్టినట్టు. ఎటు తిరిగినా దెబ్బ వాడికే. ఆ లెక్కలో నీ పెళ్ళి కూడా పడి నలుగుతుందని తెలుసు. తెలిసీ ఆగలేదు. దానికి నువ్వు తిట్టింది తక్కువే.

మొలియాన్ పుల్లతో సున్నం తీసి ముందు అరచేతిలో వేసుకున్నాడు. చెమట పట్టిన చెయ్యి. సున్నం వాడి చేతిలో వేడెక్కింది. నలభై ఏళ్ళు సున్నం మోసినవాడే, వాడికి చెప్పాలా? తలెత్తి నన్ను చూశాడు. నా పెదవి అప్పటికే తెల్లబడుతోంది. అది చూశాడు. వాడికి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. ఇప్పుడు అరుస్తాడు, "మందు పెట్టింది, చూడండి" అంటాడు అనుకున్నాను. అరవరా, అరిచెయ్ అనుకున్నాను.

వాడు అరవలేదు. చేతిలోదంతా నోట్లో వేసుకున్నాడు. వేసుకుని లేచి నిలబడ్డాడు. "అందరూ ఇనండి. ఆనాడు సంతలో మీ నోళ్ళు కాల్చింది న్యాలెన్ సున్నం కాదు. నేను కలిపాను. నీళ్ళు సల్లని రాయి దంచి నేనే కలిపి, దోషం ఈమె నెత్తిన రుద్దాను. ఈమె సున్నంలో ఏ మందూ లేదు. ఇదిగో, మీ కళ్ళముందే తింటున్నా కదా!" అన్నాడు. ఒక్కో మాటకూ నోట్లోంచి నురగ వస్తోంది. జనం ఏడుస్తున్నాడనుకున్నారు.

సిపోరా, ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురు చూశానో నీకు తెలియదు. అది వచ్చినప్పుడు నాకు నోరు లేదు.

అప్పుడు అలూప్ లేచింది. ఏడుస్తూ వచ్చి నా ముందు కూలబడి చెయ్యి చాపింది. "నా చేతిలో పెట్టవే న్యాలెన్, నీ సున్నం తిని ఎన్నాళ్ళయిందే!" అంది. దాని వెనక ఇంకో చెయ్యి. దాని వెనక ఇంకా చేతులు. మగడి శవం దగ్గర రాని చేతులన్నీ అప్పుడొచ్చాయి. బుర్ర నిండా ఏముందో నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు. వద్దని చెప్పడానికి నాలుక తిరగదు. అలూప్ వేళ్ళు బుర్రను తాకాయి. లాక్కుని వసారా అంచు మీదుగా నీళ్ళలోకి విసిరేశాను. కింద బుసబుసమని నీళ్ళు పాలలా పొంగి ఆవిరి లేచింది.

అందరూ చూశారు. మాది సున్నం తెలిసిన జాతి. ఆ బుస ఏమిటో ఒక్కరికైనా తెలియలేదంటే నేను నమ్మను. అలూప్ చెయ్యి అలాగే ఉండిపోయింది, ఆనాడు నాది ఉన్నట్టు. ఎవరో ఒకరు నోరు తెరిస్తే నా పని అయిపోయేది. మొలియానే తెరిచాడు, కాలిన నోరు. "పాత బుర్ర. పాత గొడవతో పాటు నీళ్ళలో కలిపింది. రేపు కొత్త బుర్రతో అందరికీ ఇస్తుంది. ఇప్పుడు జావ పొయ్యండి" అన్నాడు. జావ పోశారు. ముందు గుక్క వాడే తాగి, "అబ్బా, కాలింది" అన్నాడు. దీవంతా ఆ కథే నమ్మింది. నమ్మాలనుకుంది, నమ్మింది.

ఒక్క పూటలో నా పేరు రెండుసార్లు నిలబెట్టాడు. నేను కాల్చిన నోటితో! నేను దాచుకున్న పగ కూడా నా చేతిలోంచి లాక్కుని మింగేశాడు, దొంగ వెధవ. ఇప్పుడు వాణ్ణి తిట్టుకోవడానికి కూడా నాకు సరైన కారణం మిగల్లేదు. ఉన్నవన్నీ పాతవి. అయినా తిడుతున్నాను.

క్షమించానని మాత్రం అనుకోకు. నేను క్షమించలేదు. మొన్న పడవేసుకుని వచ్చాడు. ఇద్దరం మాట్లాడలేం. లేత కొబ్బరినీళ్ళు ఇచ్చాను. తాగాడు. నేనే ముందు తాగి చూపించాను లే. వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు సున్నానికి వస్తున్నారు. నీళ్ళు చల్లిన సున్నం ఇస్తున్నాను. అలూప్ అందరికన్నా ముందొచ్చి కూర్చుంటుంది.

జూలియస్‌కి చెప్పాలనుంటే చెప్పు. నీ సీసాను నీకు చెప్పకుండా ఆ పనికి వాడాను. నువ్వు నన్ను అత్తా అనకపోతే అనకు. నేను మాత్రం నీ మేనత్తనే. అది నీ ఇష్టం మీద లేదు, నా ఇష్టం మీదా లేదు. దీవెన అక్కర్లేదన్నావు. అది కూడా నీ ఇష్టం కాదు.

ఇంకో నెల మాట్లాడొద్దని నర్సు అంది. ఈ పొద్దున లాయె వైపు తిరిగి నిలబడి మాట్లాడాను. రక్తం వచ్చింది, ఉమ్మేసి మళ్ళీ మొదలుపెట్టాను. మాటలు ముద్దముద్దగా వచ్చాయి గానీ, వాటిని వినే పోయిన తాతలకు అర్థమయ్యే ఉంటాయి. నీ కడుపు పండాలన్నాను. ఇంటి నిండా పిల్లలు పుట్టాలన్నాను. అందరూ మొలియాన్ నెత్తిన ఎక్కాలి, వాడి పడవ తెడ్లు విరగ్గొట్టాలి, వాడి నిద్ర చెడగొట్టాలి. మొదటిది ఆడపిల్ల కావాలి. దానికి నా మొహం రావాలి. పొద్దున్నే కళ్ళు తెరవగానే వాడికి ఆ మొహమే కనబడాలి, అది చెయ్యి చాపితే వాడు ఎత్తుకోక తప్పకూడదు.

న్యాలెన్